ఇంటికి వచ్చు అంగడి



గడచిన శ్రావణమాసమున ఒకనాటి మధ్యాహ్నము, అల్వాలులో మా యింటికి చేరువ నున్న సోదరీమణులు అయిదుగురు ఒక సంచితో మా గడప త్రొక్కిరి. సంచిలో పదునాఱు పుటల చిన్న పుస్తకములు కొన్నియు, వానితోపాటు మడతపెట్టిన జాబులు కొన్నియు నుండెను. వీరు రెండేండ్లనుండి చేతిమగ్గపు చీరలు తెప్పించి అమ్ముచు, ఇంట పట్టిన పచ్చళ్ళును పొడులును పిండివంటలును పొరుగూళ్ళకు పార్సెళ్ళుగ పంపుచు కొలదిగ సంపాదించుకొనుచున్నారు. ఒకరికి బిడ్డల చదువు, ఒకరికి భర్త వ్యాధి, ఒకరికి తనదియని చెప్పుకొనదగిన నాలుగు రూపాయలు చేతిలో నుండవలెనను కోరిక. ఎవరి యవసరము వారిది. క్రిందటి దసరాకు వారు తమ సరకులకు రంగుల క్యాటలాగు నొకదానిని అచ్చొత్తించి తపాలాలో పలువురకు పంపిరి. అవే పుటలను ఫోటోలుగ తీసి ఫోనులలోను పంపిరి.

ఆర్డరులు రాకపోలేదు. కాని పంపిన చీరలలో మూడవవంతు తిరిగి వచ్చెను. ఆ పండుగకు వచ్చిన లాభమంతయు అచ్చుకూలికిని, పోను రాను పార్సెలు ఖర్చులకును చెల్లిపోయెను. వరంగల్లునుండి చీర త్రిప్పిపంపిన ఒక గృహిణి ఫోనులో అన్న మాట వారి చెవులలో ఇంకను మ్రోగుచున్నదట: “చీర మంచిదే అక్కా! కానీ నేను పుస్తకంల చూసిన చీర ఇది కాదు.”

“ఈ యేడు మరల అచ్చొత్తింపవలెనా, మానవలెనా?” యని వారు మమ్మడిగిరి. మేము వెంటనే బదులు చెప్పలేదు. ఒక ప్రతిని మాయొద్ద ఉంచుకొని, కొనబోవు గృహిణి కన్నులతో దానిని రెండు మూడు దినములు చదివితిమి. చదివిన పిదప మాకు తోచిన సంగతులను ఈ నెల ఈ శీర్షిక క్రింద వ్రాయుచున్నాము. అమ్మువారికే కాక, ఇల్లు కదలకుండ వస్తువులు తెప్పించుకొను మనకందఱకును ఇవి పనికివచ్చునని మా నమ్మకము.

మనము సికిందరాబాదు జనరల్ బజారులో చీర కొనబోయినప్పుడు ఏమి చేయుదుము? మడత విప్పింతుము. వెలుతురునకు పట్టి చూతుము. అంచును వ్రేళ్ళనడుమ నలుపుదుము. కొంగు భుజమున వేసికొని అద్దములో చూచుకొందుము. “రంగు పోవునా?” యని అడుగుదుము. బేరమాడుదుము. ప్రక్క దుకాణమున కేగి పోల్చుకొందుము. అంతయు ముగిసిన తరువాతకూడ “ఇంటిలో నచ్చకున్న మార్చెదరా?” యని మాట తీసికొననిదే మెట్లు దిగము.

క్యాటలాగు చూచు గృహిణికి ఇందులో ఒక్కటియు చేయ వలనుపడదు. ఆమె చేతిలో నున్నది కాగితము మాత్రమే. కావున ఆమె చేయి చేయవలసిన పని యంతయు ఆ కాగితమే చేయవలెను. చిత్రము ఆమె కన్నునకు బదులు. వర్ణనము ఆమె వ్రేళ్ళకు బదులు. తేటగ వ్రాసిన వెల ఆమె బేరమునకు బదులు. మార్పిడి హామీ మెట్లు దిగునప్పటి మాటకు బదులు. ఈ పని చేయలేని క్యాటలాగు ఎంత నునుపైన కాగితముమీద అచ్చుపడినను, గోడకు తగిలించుకొను బొమ్మయగునే కాని అంగడి కాజాలదు. మేము చెప్పదలచిన దంతయు ఇంతే. తక్కినది దీనికి వివరణము.

ఈ సత్యమును లోకమున మొదట గ్రహించినవారు దూరప్రదేశముల వర్తకులు. బ్రిటను దేశపు వేల్సు సీమలో న్యూటౌను అను చిన్న యూరి బట్టల వర్తకుడు ప్రైస్ జోన్సు 1861వ సంవత్సరమున ఉన్నిబట్టల జాబితాలను, వానితోపాటు మచ్చుగుడ్డలను తపాలాలో పంపి ఆర్డరులు తెప్పించుకొన మొదలుపెట్టెను. ఊరికి వచ్చిన రైలుబండియే ఆయనకు అంగడివీథి యయ్యెను. విక్టోరియా రాణియు, దాదులకు ఆదర్శమైన ఫ్లారెన్సు నైటింగేలును ఆయన ఖాతాదారులలోని వారే. మచ్చుగుడ్డను పంపుట యనగా ఏమి? కొనునామె వ్రేళ్ళకు ఆ బట్టను అందించుటయే గదా!

అమెరికాలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డు అను నాతడు 1872లో షికాగోనుండి గ్రామములలోని కర్షకులకు 163 వస్తువుల పేర్లును వెలలును గల ఒకే యొక కాగితమును పంపెను. ఎన్నడును చూడని వర్తకునికి సొమ్ము పంపుటకు ఎవరు సాహసింతురు? ఈ జంకు తీర్చుటకై ఆయన 1875లో, వస్తువు నచ్చనిచో సొమ్ము మరల నిత్తునని హామీ నిచ్చెను. తరువాత వచ్చిన సియర్సు రోబక్కు కంపెనీవారు, ఇంగ్లీషు రానివారు తమకు వచ్చిన భాషలోనే ఆర్డరు వ్రాయవచ్చునని తమ క్యాటలాగులో తెలిపిరి. వారు తమ పుస్తకమును వార్డువారి పుస్తకముకంటె కొంచెము చిన్నదిగ కుట్టించిరనియు, ఇల్లు సర్దుకొను గృహిణి పెద్దదానిపై చిన్నదానిని పెట్టును గావున తమ పుస్తకమే పైన కనబడునని వారి యూహ యనియు చెప్పుదురు. అది నిజమైనను కాకున్నను, క్యాటలాగు వ్రాయువాడు గృహిణి బల్లను మనస్సులో నుంచుకొనవలెననుట మాత్రము నిజము.

మనదేశమున ఈ వ్యాపారమునకు ప్రాణము పోసినది 1877లో తపాలాశాఖవారు ప్రవేశపెట్టిన వి. పి. పద్ధతి. పార్సెలు చేతికందినప్పుడే తపాలా బంట్రోతుకు సొమ్ము చెల్లించు ఏర్పాటది. మన పెద్దలు మద్రాసునుండి పురాణములను, నిఘంటువులను, ఔషధములను ఈ విధముగనే తెప్పించుకొనిరి. వీథికెక్కి అంగడికి పోవు వాడుక లేని యిండ్లలో, గృహిణి తన యిష్టము వచ్చిన వస్తువును తానే యెన్నుకొనుటకు ఆ జాబితా యొకటే దారి. పురుషుడు తెచ్చినదానితో సరిపెట్టుకొనుట వేఱు. పుటలు త్రిప్పి “నాకిది కావలెను” అని వ్రేలుపెట్టి చూపుట వేఱు. కావున క్యాటలాగును వట్టి వ్యాపారపు కాగితమని తీసివేయరాదు.

మన హైదరాబాదు రాజ్యమున దీనికి మఱియొక చిక్కుకూడ నుండెను. నిజాము ప్రభుత్వమునకు 1869 మొదలు సొంత తపాలాబిళ్ళలు గలవు. బ్రిటిషువారి తపాలాబిళ్ళలు వేఱు. ఈ రెండు తపాలాలు 1950లో ఏకమయ్యెను. నాణెములును వేఱే. సుమారు ఏడు హాలీసిక్కా రూపాయలు ఆఱు బ్రిటిషు రూపాయలకు సమానము. మద్రాసు క్యాటలాగులో ఆఱు రూపాయలని చూచి ముచ్చటపడిన ఇల్లాలు హాలీసిక్కాలో ఏడు రూపాయలు ఎంచుకొనవలసి యుండెను. వెలను వర్తకుని లెక్కలో కాక కొనువారి చేతిసొమ్ము లెక్కలో చెప్పవలెనను నీతి మనకు ఇక్కడనే దొరకుచున్నది.

ఇక మన సోదరీమణుల పుస్తకమునకు వత్తము.

మొదటిది చిత్రము. వారి క్యాటలాగులో చీరలన్నియు ఒక నాజూకైన పడుచు కట్టుకొని, ఒరిగి నిలిచినట్లు తీయబడెను. ముఖము చక్కగ నున్నది. చీర అంచు మాత్రము మడతలలో దాగిపోయినది. కొనువారికి కావలసినది అంచు, కొంగు, ఒడలు. ఈ మూడును విడివిడిగ కనబడవలెను. కట్టిన చిత్ర మొకటి చాలును. పఱచిన చిత్రము తప్పనిసరి. పొద్దుటిపూట కిటికీప్రక్క వచ్చు వెలుతురులో తీసిన చిత్రమునకు, రాత్రి పచ్చని దీపము క్రింద తీసిన చిత్రమునకు రంగులో ఎంతో భేదముండును. వరంగల్లు సోదరి యొక్క చీర రాత్రి తీసినదే. అందుచేతనే నేరేడుపండు రంగు చీర ఆమె కన్నునకు వక్కపొడి రంగుగ తోచినది.

ఇందు ఇంకొక సూక్ష్మము గలదు. ఫోనులో రంగు వెలుగువలన పుట్టును. అచ్చులో నీలము, గులాబి, పసుపు, నలుపు అను నాలుగు సిరాల కలయికవలన పుట్టును. ఫోనులో మిలమిల మెఱయు చిలుకపచ్చయు నారింజయు ఆ నాలుగు సిరాలలో పూర్తిగ దొరకవు. కాగితముపై కొంత మందగించును. కావున చిత్రమును మాత్రమే నమ్మక, రంగును మాటలోకూడ చెప్పవలెను. మనకు మాటలు కొదువా? వంకాయరంగు, మామిడిచిగురు రంగు, పసుపుకొమ్ము రంగు, నెమలికంఠము రంగు అనినచో తెలుగు ఇల్లాలికి అది కన్నుల గట్టును. అచ్చుకు పంపుటకు ముందు నమూనా పుటను తెప్పించి, అసలు చీరను దాని ప్రక్క పఱచి పగటి వెలుతురులో సరిచూచుకొనుట మఱి మంచిది.

పరిమాణము తెలియుటకు చిత్రములో తెలిసిన వస్తువు నొకదానిని ఉంచవలెను. వారి పుస్తకములో ఇత్తడి దీపపుకుంది నిలువెత్తు దీపమువలె కనబడినది. చేతికి వచ్చినది జానెడు. ప్రక్కన ఒక అగ్గిపెట్టె పెట్టియుండినచో ఈ పొరపాటు జరుగదు. దీపము క్రింద ఎత్తు ఇన్ని అంగుళములు, బరువు ఇన్ని గ్రాములు అని వ్రాసియుండినచో తగవే లేదు.

రెండవది వర్ణనము. “ధరించినవారిని రాణిని చేయు మనోహరమైన చీర” అని వారొక గద్వాల చీరను గూర్చి వ్రాసిరి. చదువుటకు ఇంపుగానే యున్నది. కాని ఈ మాట ఏ చీరకైనను చెల్లును. కనుక ఏ చీరను గూర్చియు ఏమియు చెప్పినట్లు కాదు. మేము దానిని కొట్టివేసి ఇట్లు వ్రాయించితిమి: “గద్వాల చీర. ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. పొడవు అయిదున్నర మీటర్లు. రవికగుడ్డ 80 సెంటీమీటర్లు, చీరతోనే కలిసియుండును. జరీ అసలు వెండిది కాదు. మొదటిమాఱు చల్లని నీటిలో విడిగ ఉదుకవలెను. చేతినేత గావున అక్కడక్కడ నూలుముడి కనబడును.”

కడపటి రెండు మాటలు చూచి వారిలో ఒకరు, “మన సరకులోని లోపమును మనమే చెప్పుకొందుమా?” యని దిగులుపడిరి. చెప్పుకొనవలెను! పార్సెలు విప్పిన తరువాత కనబడిన నూలుముడి లోపము. ముందే చెప్పిన నూలుముడి చేతినేతకు సాక్ష్యము. అసలు వెండిజరీ కాదని ముందే తెలిసినామె వెల యెందుకు తక్కువయో తానే గ్రహించును. అదియును గాక, ఒకచోట నిజము చెప్పినవారిని తక్కినచోట్లను నమ్మ బుద్ధి పుట్టును. పట్టునకు 2004లో కేంద్ర పట్టుపరిశ్రమ సంస్థవారు ఏర్పఱచిన సిల్కుమార్కును, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్‌లూము మార్కును సరకునకు నిజముగ నున్నచో తప్పక పేర్కొనవలెను. లేనిచో ఆ మాటయే యెత్తరాదు.

తినుబండారముల విషయమున మాటల చిక్కు మఱి యెక్కువ. వారు పచ్చడి క్రింద “మంచినూనెతో చేసినది” అని వ్రాసిరి. ఈ మాటకు ఒక జిల్లాలో నువ్వులనూనె యని, వేఱొక జిల్లాలో వేరుసెనగనూనె యని అర్థము. తొక్కు అన్నచో మన తెలంగాణమున పచ్చడి. కోస్తాజిల్లాల సోదరికి ముందుగ కాయపై తోలు స్ఫురించును. కావున పేరు మన యింటిదైనను వివరము అందఱిదిగ నుండవలెను: ఏ కాయ, ఏ నూనె, కారము ఎంత, వెల్లుల్లి యున్నదా లేదా, సీసా తూకము పోగా పచ్చడి తూకమెంత, ఎన్ని నెలలు నిలువ యుండును. ఆహారభద్రతా సంస్థవారి పదునాలుగంకెల సంఖ్యయు అచ్చటనే యుండవలెను. సకినాలు పార్సెలులో కొన్ని విఱుగక తప్పదు. “రేకుడబ్బాలో సర్ది పంపుదుము, అయినను కొన్ని విఱుగవచ్చును” అని ముందే చెప్పినచో ఎవరును నొచ్చుకొనరు.

మూడవది వెల. వారి పుస్తకమున వెలలన్నియు ఒక చోట, కడపటి పుటలో సన్నని అక్షరములతో పట్టికగ నుండెను. చీర చూచిన పుటలో వెల లేదు. వెల యున్న పుటలో చీర లేదు. పదిమాఱులు ముందుకు వెనుకకు త్రిప్పుటకు ఓపిక యెవరికి? దానిక్రింద “పార్సెలు ఖర్చులు ప్రత్యేకము” అని యొక పంక్తి. ఎంత ప్రత్యేకము? ఇల్లు నడపు స్త్రీకి ఈ మాట కంటిలో నలుసు. ఆమె లెక్క వేసికొని, ఇంత యని మనస్సున నిశ్చయించుకొని, సొమ్ము వేఱుపెట్టిన తరువాత కడపట మఱికొంత యిమ్మనుట బేరము కాదు, మోసమువంటిది. భారతప్రభుత్వమువారు 2023లో ఆన్‌లైను వర్తకులకు ప్రకటించిన నిబంధనలలో, వెలను కొంచెము కొంచెముగ బయటపెట్టి కడపట పెంచుటను తగని తంత్రముగ నిషేధించిరి. అచ్చు క్యాటలాగునకును ఇదే నీతి. వస్తువు ప్రక్కనే వెల, దానిక్రిందనే “తెలుగురాష్ట్రములలో ఇంటికి చేరువఱకు మొత్తము ఇంత, ఇతర రాష్ట్రములకు ఇంత” అని రెండంకెలు ఉండవలెను.

నాలుగవది పుటల కూర్పు. పుస్తకము ఎక్కువగ విప్పబడు చోటులు కొన్ని గలవు: మొదటి అట్ట, వెనుక అట్ట, వాని లోపలి ముఖములు, మఱియు కుట్టు నడుమనున్న జోడుపుటలు. పదునాఱు పుటల పుస్తకమున ఎనిమిదియు తొమ్మిదియు తమంతట తామే విచ్చుకొని నిలుచును. ఇట్టి చోటులలో మనము మిక్కిలి అమ్మగల వస్తువులను ఉంచవలెను. వారు నడిమి జోడుపుటలను దీపపుకుందులకు ఇచ్చి, ఎల్లరును అడుగు పచ్చళ్ళను ఒక మూలకు నెట్టిరి.

పుటకుకూడ అద్దె గలదని మనము మఱువరాదు. ఉదాహరణకు, అచ్చునకును తపాలాకును కలిసి పదునైదువేల రూపాయలు అయ్యెననుకొందము. అట్టలును ఆర్డరు ఫారమును పోగా సరకులకు మిగిలినవి పండ్రెండు పుటలు. ఒక్కొక్క పుట అద్దె 1,250 రూపాయలు. రెండు పుటలు ఆక్రమించిన దీపము 2,500 రూపాయల లాభమైన తేవలెను. మూడు దీపములమ్మి 450 రూపాయలు తెచ్చినచో అది యింటిలో కూర్చుండి తిను చుట్టమువంటిది. పాతిక పుటలో నున్న పచ్చడి నూటనలువది సీసాలు అమ్ముడుపోయి సీసాకు నలువది చొప్పున 5,600 రూపాయలు తెచ్చినచో, మఱుసటి మాఱు దానికి పెద్దపీట వేయవలెను. పెద్ద క్యాటలాగు కంపెనీలవారు అంగుళమున కింత యని లెక్కకట్టుటయు ఈ విధముననే. మనకు కావలసినది పలకయు బలపమును మాత్రమే.

అయిదవది ఆర్డరు ఫారము. వారు చీరలకు మల్లె, జాజి, సంపెంగ అని ముద్దుపేర్లు పెట్టిరి. “మల్లె రెండు” అని ఆర్డరు వచ్చెను. మల్లెలో నాలుగు రంగులు! పేరు ముచ్చటకు ఉండనిండు. ప్రతి రంగునకు వేఱు సంఖ్య యుండవలెను. అడ్రసుకు వారు విడిచినది ఒక్క పంక్తి. మన అడ్రసులో ఇంటిసంఖ్య, వీథి, గుడి ప్రక్కయో బడి వెనుకయో అను గుఱుతు, ఊరు, జిల్లా, 1972లో వచ్చిన ఆఱంకెల పిన్ సంఖ్య, ఫోనుసంఖ్య - ఇవన్నియు పట్టవలెను. పిన్ సంఖ్యకు ఆఱు గడులు గీచియుంచినచో ఎవరును అంకెను విడువరు. ఫారముమీద మూలగ ఒక గుఱుతు అక్షరము అచ్చొత్తించుట మంచిది: పాత ఖాతాదారులకు పంపినదానిపై “అ”, బంధువులకు పంపినదానిపై “క”, క్రొత్తవారికి పంపినదానిపై “గ”. ఏ యక్షరముతో ఎన్ని ఆర్డరులు మరలి వచ్చెనో ఎంచినచో, మఱుసటి యేడు ఎవరికి పంపవలెనో తెలియును. ఇటీవల కొన్నవారు, పలుమాఱులు కొన్నవారు, ఎక్కువ సొమ్మునకు కొన్నవారు మరల కొందురనుట ఈ వ్యాపారమున పాతబడిన యనుభవము.

ఆఱవది హామీ. నచ్చనిచో ఎన్ని దినములలో త్రిప్పి పంపవలెను, ఆ ఖర్చు ఎవరిది, సొమ్ము ఎప్పుడు మరల వచ్చును అను మూడు ప్రశ్నలకు వారి పుస్తకమున జవాబు లేదు. జవాబు వ్రాసినచో ఇంకను ఎక్కువ చీరలు తిరిగివచ్చునని వారి భయము. కాని తిరిగి రాకుండ చేయునది మౌనము కాదు; సరియైన చిత్రమును, సరియైన వర్ణనమును. ఆ రెండును చక్కబడినచో హామీ యను తలుపు తెఱచియుంచినను దానినుండి వెనుకకు వచ్చువారు కొలదిమందియే యుందురు. తలుపు మూసియున్నచో లోనికి వచ్చుటకే జంకుదురు.

“ఈ ఫోనుల దినములలో అచ్చు క్యాటలాగేమి?” అని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. సియర్సువారు తమ పెద్ద పుస్తకమును 1993లో ఆపివేసిన మాట నిజమే. 1951నుండి అచ్చుపడిన ఐకియావారి క్యాటలాగునకు 2021 సంచికయే కడపటిది. ఆ కంపెనీవారు 2018లో మనదేశమున తమ మొదటి దుకాణమును మన హైదరాబాదులోనే తెఱచిరి. కాని పోయినది కాగితము మాత్రమే, క్యాటలాగు పోలేదు. రాత్రి పనులు ముగిసిన తరువాత మనము ఫోనులో వ్రేలితో త్రోయు పుటలన్నియు క్యాటలాగులే. చూపువఱకే కాని స్పర్శ వఱకు అవియు చేరవు. కనుక పైని చెప్పిన కొలతబద్దతో వానినికూడ కొలువవచ్చును.

పఱచిన చిత్రమున్నదా? పొడవు, తూకము అంకెలలో నున్నవా? చేర్చు ఖర్చు ముందే చెప్పిరా? అమ్మువారి పేరు, ఊరు కనబడుచున్నవా? త్రిప్పి పంపు పద్ధతి వ్రాసిరా? పొట్లముకట్టిన సరకునకు చేసినవారి పేరు, తూకము, పన్నులతో కలిసిన గరిష్ఠపు వెల చూపవలెనని తూనికలు కొలతల నిబంధనలు విధించుచున్నవి. వస్తువులను త్రిప్పి పంపుట, సొమ్ము మరల నిచ్చుటలను గూర్చిన షరతులు తెలుపవలెనని 2020లో వచ్చిన ఈ-కామర్సు నిబంధనలు చెప్పుచున్నవి. “ఇంక రెండే మిగిలినవి, త్వరపడుడు!” అని తొందరపెట్టు పుటను చూచినప్పుడు మనము ఒక రాత్రి ఆగుట మేలు. అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయసంఖ్య 1915కు ఫోను చేయవచ్చును. తీసిన సొమ్ము చిన్నదని ఊరకుండవలదు. ఇంటిసొమ్ములో చిన్నది యనునది లేదు.

మా సోదరీమణుల కథ ముగింపలేదు గదా! వారు ఈ దసరాకు మరల అచ్చొత్తించిరి. పుటలు పదునాఱే, చీరలు మాత్రము ఇరువదినాలుగునుండి పదునాలుగుకు దిగెను. ఒక్కొక్క చీరకు చోటు పెరిగెను. దీపములు ఒక మూలకు పోయెను. పచ్చళ్ళు నడిమికి వచ్చెను. అడిగినవారికి అంచు రంగుల దారపుపోగులు అంటించిన చిన్న అట్టముక్క నొకదానిని జాబులో పెట్టి పంపిరి. ఈ యూహ మాది కాదు. వారిలో అందఱికంటె చిన్నయామెది. వేల్సు సీమ వర్తకుని పేరు ఆమె ఎన్నడును వినలేదు. చేతికి చేతిని అందింపవలెనను ఆలోచన ఆమెకు తనంతట తానే తోచినది.

ఆర్డరులు క్రిందటి యేటికంటె కొంచెమే హెచ్చెను. తిరిగి వచ్చిన చీరలు మాత్రము రెండు. ఒకటి పొడవు చాలక; రెండవది, ఇంటిలో అత్తగారికి నచ్చక. మొదటిది వారు తమ తప్పుగ వ్రాసికొని సొమ్ము పంపిరి. రెండవదానికి ఏ క్యాటలాగును మందు కనిపెట్టలేదు! వరంగల్లు సోదరికి క్రొత్త పుస్తకముతోపాటు ఒక జాబుకూడ వ్రాసిరి. ఆమె జవాబు వ్రాయలేదు. కాని అట్టముక్కను తెప్పించుకొని, వారము తరువాత నేరేడుపండు రంగు చీరకే ఆర్డరు పంపెను.

మన పాఠకురాండ్రలో ఇట్లు ఇంటనుండి సరకులమ్ము వారు అనేకులు గలరని మేమెఱుగుదుము. వారు తమ క్యాటలాగును అచ్చుకు పంపుటకు ముందు, ఆ వస్తువులను ఎన్నడును చూడని పొరుగింటి యామెకు ఒకమాఱు చదువనిచ్చి, ఆమె అడిగిన ప్రతి ప్రశ్నను వ్రాసికొందురు గాక! ఆ ప్రశ్నలకు పుటలోనే జవాబులు దొరకువఱకు అచ్చు ఆపుట మంచిది. తెప్పించుకొనువారును తమకు నచ్చిన క్యాటలాగులో నచ్చినదేమో, నొప్పించినదేమో మాకు వ్రాసి పంపినచో, రాబోవు సంచికలలో ఈ శీర్షిక క్రిందనే సంతోషముతో ప్రకటింతుము.